చర్మం కింద గాలి

ఇన్నేళ్ళుగా శవాలు కోస్తున్నారు, మీకు అసహ్యం పోయే ఉంటుంది కదా అని చుట్టాలు అడుగుతుంటారు. పోలేదు. ముక్కు అలవాటు పడుతుంది, అది నిజమే. కాసేపటికి వాసన తెలియడం మానేస్తుంది. గొంతు మాత్రం అలవాటు పడదు. కోత గదిలో ఉన్నంతసేపూ ఉమ్మి మింగాలంటే నాకు ఇప్పటికీ చచ్చేంత పని. ఇంటికెళ్ళి తలస్నానం చేసి వచ్చి కూర్చున్నా మా ఆయన సోఫాలో ఆ చివరికి జరుగుతాడు. ఎందుకయ్యా అంటే, "అబ్బే, ఇటువైపు ఫ్యాన్ గాలి బాగా తగులుతోంది" అంటాడు. అతన్ని నేనేమీ అనను. నాకే నా చేతిని నోటి దాకా తెచ్చుకోబుద్ధి కాని రోజులున్నాయి.

శవం మీద కలిగే అసహ్యం సబ్బుతో పోతుంది. బతికున్నవాళ్ళ మీద కలిగేది అంత తొందరగా పోదు. ఆ రోజు నాకు రెండూ కట్టగట్టుకుని వచ్చాయి.

ఉదయం మార్చురీ తలుపు తీయగానే ఫ్రీజరు చచ్చిందని తెలిసిపోయింది. వాసన గుమ్మం దాకా ఎదురొచ్చింది. మా మార్చురీ సహాయకుడు ముక్కు కింద బొట్టు బొట్టుగా సెంటు పూసుకుంటాడు, అందుకని అతన్ని అందరూ అత్తరు అంటారు. ఆ పొద్దు సీసా అంతా ఒంపుకున్నట్టున్నాడు. కుళ్ళు వాసనలో మల్లెపూల వాసన కలిస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పను, ఆ పాపం నాకెందుకు.

"రాత్రే ఆగిపోయిందట డాక్టరమ్మా. మెకానిక్కు వస్తున్నా వస్తున్నా అంటున్నాడు గానీ వచ్చింది లేదు" అన్నాడు అత్తరు.

బల్ల మీద ఉన్నది డెబ్బై దాటిన ముసలాయన. భారీ మనిషి. మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు. నోట్లో పళ్ళు లేవు, పెదవులు లోపలికి పోయాయి, ఒక మూల నుంచి గోధుమరంగు నీళ్ళు కారి చెవి దగ్గర గడ్డకట్టాయి. కడుపు డోలులా లేచి ఉంది, కుడివైపు కింద చర్మం పచ్చబడడం మొదలైంది.

మా జూనియర్ డాక్టరు నాకంటే ముందే చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డాడు. కొత్తగా చేరినవాడు, చురుకైనవాడు. మాస్కు పైన కళ్ళు మెరుస్తున్నాయి.

"మేడం, ఒకసారి ఆ మెడ మీద నొక్కి చూడండి."

నొక్కాను. వేళ్ళ కింద చిటపటలాడింది. గాజు సామాను పార్సిళ్ళకి చుట్టి వచ్చే బుడగల కవరు ఉంటుందే, దాన్ని తడిగుడ్డ కింద పెట్టి నొక్కినట్టు. ఆ చప్పుడు చెవికంటే ముందు వేళ్ళకి తెలుస్తుంది. మనిషి చర్మం కింద గాలి ఉండకూడదు. ఉందంటే మాత్రం నా గొంతులోకి ఏదో ఎగదన్నుకొస్తుంది, ఎన్నిసార్లు చూసినా అంతే. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"కుళ్ళు గాలమ్మా అది. ఫ్రీజరు ఆగిపోతే ఉబ్బరా మరి?" అన్నాడు అత్తరు, పెద్ద పండితుడిలా.

"కాదు. నిన్న సాయంత్రం తెచ్చినప్పుడే ఉంది, నేను చూశాను. అప్పటికి చనిపోయి ఒక రోజు కూడా కాలేదు" అన్నాడు జూనియర్. తర్వాత నా వైపు తిరిగి పాఠం అప్పజెప్పాడు. "పక్కటెముకలు విరిగాయి మేడం, పైనుంచి నొక్కినా తెలుస్తోంది. విరిగిన ముక్క ఊపిరితిత్తికి గుచ్చుకుంది. మనిషి పీల్చినకొద్దీ గాలి ఆ చిల్లులోంచి బయటపడి చర్మం కిందికి పాకింది. శవం గాలి పీల్చదు కదా. అంటే బతికుండగానే ఎవరో కుమ్మేశారు. ఆ తర్వాత కాసేపు బతికాడు కూడా."

పుస్తకంలో అలాగే ఉంటుంది. అతను తప్పు చదవలేదు.

"అంబులెన్సు వాళ్ళు ఛాతీ నొక్కారేమో, ఊపిరి పోశారేమో అడిగావా?"

"అడిగాను మేడం. వాళ్ళు వెళ్ళేసరికే అంతా అయిపోయిందట. ముట్టుకోలేదన్నారు."

"ఇంకెవర్నైనా అడిగావా?"

"ఇంకెవర్ని అడగాలి మేడం?"

ఇది మా వాళ్ళందరూ చేసే తప్పే. ఊపిరి పోయడం అంటే డ్రెస్సు వేసుకున్నవాళ్ళ పని అనుకుంటాం. అంబులెన్సు వాళ్ళు లేదంటే ఇక ఎవరూ చేయలేదన్నట్టే లెక్క.

"సరే, ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

జూనియర్ కళ్ళలో మెరుపు తగ్గింది. "ఇన్‌స్పెక్టర్ గారు నిన్న ఇక్కడే ఉన్నారు మేడం. ఏమనిపిస్తోందని అడిగితే..."

నాకు ఒళ్ళు మండింది. "శవం కడుపు కోయకముందే నువ్వు నోరు విప్పావన్నమాట."

నోరు జారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎంతో దూరం వెళ్ళనక్కర్లేకపోయింది. ఇన్‌స్పెక్టర్ నా గదిలోనే కూర్చుని ఉన్నాడు. నా బల్ల మీదే టీ గ్లాసు పెట్టుకుని బిస్కెట్టు ముంచుకుని తింటున్నాడు. మెత్తబడిన బిస్కెట్టు సగం విరిగి గ్లాసులో పడితే వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ గది కిటికీ కింద శవాలు కడిగిన నీళ్ళ కాలువ. అక్కడ కూర్చుని తినగలిగిన మనిషిని చూస్తే నాకు భయం వేస్తుంది.

"కేసు తేలిపోయినట్టే కదా మేడం" అని నవ్వాడు. "అల్లుడే."

కథ అతను చాలా ఇష్టంగా చెప్పాడు. ముసలాయనకి ఒక్కతే కూతురు. పెళ్ళయినప్పటి నుంచీ అల్లుడు మామగారింట్లోనే. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మామకీ అల్లుడికీ ఒక్క క్షణం పడదు. ముసలాయన ఎక్కడ కూర్చుంటే అక్కడ ఖాండ్రించి ఉమ్ముతాడు, కట్టుడు పళ్ళు తీసి చేతికి దొరికిన గ్లాసులో వేస్తాడు. ఒకరోజు అల్లుడు చీకట్లో నీళ్ళు తాగబోతే పెదవికి పళ్ళు తగిలాయట. ఇది చెప్పి ఇన్‌స్పెక్టర్ పడీ పడీ నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగి ముక్కుతో గాలి పీల్చకుండా నిలబడ్డాను.

"చనిపోయే ముందు రోజు పెద్ద గొడవ. 'ఈ ముసలాడు పోతే గానీ ఈ ఇంటికి కంపు వదలదు' అని అల్లుడు అరిచాడు. పక్కింటావిడ విన్నది. మర్నాడు పొద్దున కూతురు కొట్టుకి వెళ్ళొచ్చేసరికి వాష్‌బేసిన్ దగ్గర ముసలాయన నేల మీద పడున్నాడు. పక్కనే ఈ మహానుభావుడు కుళాయి తిప్పుకుని నోరు కడుక్కుంటున్నాడు. మామ చచ్చి పడుంటే, తాపీగా నోరు కడుక్కుంటున్నాడు! పళ్ళ సెట్టు స్టూలు కింద దొరికింది. దెబ్బకి ఎగిరిపడింది. ఏం చేశావురా అంటే 'ఏమీ చేయలేదు, ముట్టుకోలేదు' అంటాడు. అదొక్కటే మాట."

"ఫిర్యాదు ఎవరిచ్చారు?"

"కూతురే. ముందు ఇవ్వనంది. మీ కుర్ర డాక్టరు అన్న మాట నేను చెప్పాక ఏడుస్తూ సంతకం పెట్టింది. సాయంత్రానికి మీరు కాగితం ఇచ్చేస్తే రేపు వాణ్ణి కోర్టులో హాజరుపరిచేస్తాం. హత్యే కదా, బెయిలు కూడా రాదు." మీసం మీద అంటిన బిస్కెట్టు పొడి తుడుచుకున్నాడు. అతనికి ఆ మాట రుచిగా ఉన్నట్టుంది.

ఒక మనిషి బతుకు మా జూనియర్ వేలి కొసన చిటపటలాడిన చప్పుడు మీద నిలబడి ఉంది. కోత గదికి తిరిగి వెళ్ళాను.

చర్మం మెడ నుంచి కిందికి కోసి రెండువైపులా విప్పాం. మెడలో కొవ్వంతా నురుగు నురుగుగా ఉంది, సబ్బు నీళ్ళు పోసినట్టు. విప్పిన చర్మాన్ని పక్కటెముకల పక్కన దోసిలిలా పట్టుకోమని జూనియర్‌కి చెప్పి అందులో నీళ్ళు పోయించాను. నీటి అడుగున ఎముకల సందులో కత్తి మొన గుచ్చితే బుడబుడమని బుడగలు వచ్చాయి. పగిలిన ప్రతి బుడగా నా మాస్కు దాకా వచ్చి మొహం మీద ఊదినట్టే అనిపించింది.

"చూశారా మేడం, ఛాతీలో గాలి" అన్నాడు జూనియర్. గొంతులో మళ్ళీ ఉత్సాహం వచ్చింది.

"చూశాను. ఇప్పుడు ఎముకలు చూడు."

పక్కటెముకలు రెండువైపులా విరిగాయి. అన్నీ ముందువైపే, రొమ్ము ఎముకకి దగ్గర్లో, పైనుంచి కిందికి ఒకే వరుసలో. రొమ్ము ఎముక అడ్డంగా చిట్లింది. ఎడమవైపు ఒక ముక్క లోపలికి తిరిగి ఊపిరితిత్తిలో దిగబడింది. పక్కలు చూశాం, వీపు తిరగేసి చూశాం. కండలో ఒక్క దెబ్బ లేదు. పెదవుల లోపలివైపు ఒక్క గీత లేదు.

"కుమ్మేవాడు ఇంత పద్ధతిగా కొలత పెట్టుకుని కొడతాడా? కాలితో తంతే పక్కల్లో తగలదా? పళ్ళ సెట్టు ఎగిరిపడేంత దెబ్బ తగిలితే పెదవి చిట్లదా?"

జూనియర్ ముసలాయన పెదవి వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు.

"విరిగిన చోట నెత్తురెక్కడ?"

వంగి చూశాడు. విరిగిన ఎముకల అంచులు ఉతికిన గుడ్డలా పాలిపోయి ఉన్నాయి. అక్కడక్కడా మరక, అంతే. గుండె కొట్టుకుంటున్న మనిషికి అన్ని ఎముకలు విరిగితే చుట్టూ కండ నల్లగా నానిపోవాలి.

"మరైతే కుళ్ళు గాలేనంటారా?" అన్నాడు అత్తరు ఆశగా.

కాలేయం బయటికి తీయించాను. బాగా కుళ్ళిన కాలేయం స్పాంజిలా చిల్లులు పడి ఉంటుంది. ఇది గట్టిగా, నున్నగా ఉంది. ముక్క కోసి నీళ్ళలో వేస్తే అడుగుకి పోయింది. తొడలు, వృషణాలు ఉబ్బలేదు, కుళ్ళితే ముందుగా ఉబ్బేవి అవే. కుళ్ళడం మొదలైంది, కాదనను, నా ముక్కే సాక్ష్యం. కానీ మెడలో గాలి దానిది కాదు.

కడుపు ఉబ్బు దేనిదో అప్పుడు చూశాం. పేగులు కాదు, జీర్ణకోశం. బెలూన్లా బిగుసుకుని ఎడమ పక్కంతా ఆక్రమించి ఉంది. రెండు చివరలా దారంతో కట్టి, తీసి, నీటి తొట్టిలో ముంచి సూది గుచ్చాను. భుస్సుమని వచ్చింది గాలి. వెనకే పుల్లటి కంపు. అత్తరు తన సెంటు సీసా మరిచిపోయి గుమ్మం దాకా పరిగెత్తాడు. నాకు నోరంతా నీళ్ళూరింది. మింగలేక, ఉమ్మలేక, మాస్కు లోపల పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను.

"పొట్టలో ఇంత గాలి ఎలా వస్తుంది?" అని అడిగాను, మాట్లాడగలిగాక.

"ఊదితే" అన్నాడు జూనియర్ మెల్లగా. తర్వాత అతని మొహం మారిపోయింది. "నోట్లో నోరు పెట్టి ఊదితే. సగం ఊపిరితిత్తుల్లోకి, సగం పొట్టలోకి. ఊపిరితిత్తికి చిల్లుంది కాబట్టి అక్కణ్ణుంచి మెడలోకి. అయితే ఆ ఎముకలు... ఛాతీ నొక్కితే విరిగినవి."

"మరి ఆ నోరు ఎవరిది?"

అతను తల వంచుకున్నాడు.

గుండె చుట్టూ ఉండే సంచి నీలంగా ఉబ్బి ఉంది. కోస్తే గడ్డకట్టిన నెత్తురు గుప్పిళ్ళతో వచ్చింది. ఎడమ గది గోడలో ఒక చిరుగు. చిరుగు చుట్టూ కండ పసుపురంగుకి తిరిగి, వేలు పెడితే దిగిపోయేంత మెత్తగా ఉంది. దెబ్బ తగిలిన కండ అలా ఉండదు. ఆ కండ చచ్చి కొన్ని రోజులయింది. నెత్తురు అందక, మెల్లమెల్లగా. ఆ పొద్దున బేసిన్ దగ్గర అది చిరిగింది, మనిషి అక్కడే కూలాడు. ముక్కలు పరీక్షకి పంపమని చెప్పి చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి అల్లుణ్ణి తీసుకురమ్మన్నాను. నిందితుడి ఒంటి మీద గాయాలు చూడడం ఎలాగూ మా పనే. "మోకాళ్ళు కొట్టుకుపోయాయి మేడం, పెదవి కూడా చిట్లింది. ముసలాయన బాగానే తిరగబడ్డాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ సంబరంగా. పరీక్ష చేసేటప్పుడు పోలీసులు గదిలో ఉండకూడదని అతన్ని బయటికి పంపి తలుపేశాను.

అల్లుడు సన్నగా, కొంచెం వంగిపోయి ఉన్నాడు. ముందు నేను పిడికిళ్ళు చూశాను. వేళ్ళ కణుపుల మీద ఒక్క గీత లేదు. అరచేతి మడమ మాత్రం కమిలి ఉంది. మోకాళ్ళు రెండూ ఒకేలా చెక్కుకుపోయాయి, గచ్చు మీద చాలాసేపు ఆనినట్టు. పెదవులు చూస్తే నాకే మంట పుట్టింది. చిట్లడం కాదు అది. తోలు లేచిపోయి, చుట్టూ ఎర్రగా, దేనితోనో పదే పదే రుద్దినట్టుగా ఉన్నాయి.

"దేనితో తోమారు?" అన్నాను.

"స్టేషన్లో సబ్బు ఉంది మేడం. బట్టలుతికేది."

"ఊపిరి ఊదడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఫ్యాక్టరీలో. కరెంటు షాకు కొడితే ఏం చేయాలో ఏటా నేర్పిస్తారు. రబ్బరు బొమ్మ ఉంటుంది. ఒకళ్ళయ్యాక ఒకళ్ళకి దాని నోరు స్పిరిట్‌తో తుడిచి..." అని ఆగిపోయాడు. నా మొహంలోకి చూశాడు. "నేను ముట్టుకోలేదు మేడం."

"బాబూ, నేనిప్పుడే ఆయన పొట్టలోంచి నీ ఊపిరి తీసి వచ్చాను. నా దగ్గర ఆ మాటలు చెప్పకు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. నేల వైపు చూస్తూనే చెప్పాడు.

"బేసిన్ దగ్గర ఖాండ్రిస్తున్నారు. రోజూ వినేదే కదా అని నేను చెవులు మూసుకున్నాను. దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే ఊపిరి లేదు. పళ్ళు గొంతుకి అడ్డం పడతాయని తీసి పక్కన పెట్టాను. నేర్పినట్టే నొక్కాను. ఎముకలు విరుగుతుంటే చేతికి తెలిసింది మేడం, అయినా ఆపకూడదని చెప్పారు, ఆపలేదు. నోట్లో నోరు పెట్టాను. ఆయన గడ్డమంతా కఫం. బొమ్మ అనుకున్నాను. బొమ్మే, బొమ్మే అనుకుంటూ ఊదాను. ఎంతసేపో తెలీదు. అప్పుడు... లోపల్నుంచి వచ్చింది. ఆయన పొట్టలోది. నా నోట్లోకి."

అతను చెప్పేది ఆపితే బాగుండనిపించింది. నాకు జాలి కలగాల్సిన చోట ముందు కలిగింది అసహ్యమే, దాచడం ఎందుకు.

"కొంత మింగేశాను. ఇంక నోరు పెట్టలేకపోయాను మేడం. పెడదామని వంగాను, ఒళ్ళు రానివ్వలేదు. లేచి కుళాయి తిప్పాను. కడుక్కుంటూనే ఉన్నాను. అరవాలని గానీ, ఎవర్నైనా పిలవాలని గానీ తోచలేదు. ఆయన నా కాళ్ళ దగ్గరే ఉన్నారు, నేను కడుక్కుంటున్నాను. మా ఆవిడ వచ్చింది."

"ఈ మాట పోలీసులకి చెప్పడానికి ఏం రోగం?"

"చెబితే మా ఆవిడకి తెలుస్తుంది."

"తెలిస్తే ఏం? కొట్టి చంపావనుకుంటోంది ఇప్పుడు!"

"అనుకోనీయండి మేడం. కోపంలో కొట్టాడు అనుకుంటే ఎప్పటికైనా మర్చిపోతుందేమో. వాళ్ళ నాన్న చస్తుంటే అసహ్యపడి వదిలేసి నోరు కడుక్కున్నాడు అని తెలిస్తే నా మొహం చూస్తుందా?"

ఇంత తెలివితక్కువ మాట నేను ఆ గదిలో వినలేదు. తల బాదుకోవాలనిపించింది. ఉరికైనా సిద్ధపడతాడట గానీ, వాంతి సంగతి పెళ్ళానికి చెప్పడట. రెండు నిమిషాలు గట్టిగా తిట్టాను. తిట్లు అయ్యాక అతను నెమ్మదిగా అడిగాడు.

"నేను ఆపకుండా ఉంటే బతికేవారా?"

"లేదు. గుండె గోడ చిరిగిపోయింది. నువ్వు వంగేసరికే నెత్తురంతా సంచిలోకి కారిపోయింది. నువ్వు విరిచిన ఎముకల దగ్గర నెత్తురు లేదు, ఆయన అప్పటికే పోయాడు. నువ్వే కాదు, నేను పక్కనే నిలబడి ఉన్నా ఏం చేసినా లాభం లేదు."

అతని మొహం తేలిక పడుతుందనుకున్నాను. పడలేదు.

"ఆ సంగతి అప్పుడు నాకు తెలీదు కదా మేడం" అన్నాడు.

లేచి తలుపు తీశాను.

కూతురు వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుంది. ఆమెని లోపలికి పిలిచాను. ఇన్‌స్పెక్టర్ కూడా వెనకే దూరాడు, జూనియర్ గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరినీ పొమ్మనే ఓపిక నాకు లేదు. వింటే మంచిదే అనుకున్నాను.

"మీ నాన్నగారిని ఎవరూ కొట్టలేదమ్మా. గుండె చిరిగి చనిపోయారు. ఎముకలు విరిగింది మీ ఆయన బతికించబోతే. ఆయన మెడలో ఉన్న గాలి మీ ఆయన ఊదింది. నిన్న మా వాళ్ళు తొందరపడి ఒక మాట అన్నారు, అది తప్పు. నేను కాగితం మీద అలాగే రాస్తాను. మిగతాది మీ ఆయన్నే చెప్పమనండి."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. నేను చూసిన చూపుకి మానేశాడు.

అల్లుడు చెప్పాడు. నాకు చెప్పినంత వివరంగా కాదు, నాలుగు ముక్కల్లో. నోట్లోకి వచ్చిందని, ఇంక పెట్టలేకపోయానని, లేచి కడుక్కున్నానని. చెప్పాక చెంపదెబ్బ కోసం చూస్తున్నవాడిలా మెడ ముందుకి వంచి కూర్చున్నాడు.

కూతురు అతని పెదవుల వైపు చూసింది.

"పళ్ళు తీసింది నువ్వేనా?"

"ఊ."

"చేత్తోనే?"

"మరెలా తీస్తాను."

ఆమె గోడకి ఆనుకుంది. "నేనైతే ఊదేదాన్ని కాదు" అంది. "కన్న తండ్రే, అయినా ఒక్కసారి కూడా ఊదేదాన్ని కాదు. ఆయన గదిలోకి వెళ్ళాలంటేనే ఊపిరి బిగబట్టుకునేదాన్ని. కొన్నాళ్ళుగా రొమ్ములో నొప్పి, నొప్పి అంటున్నాడు. దగ్గర కూర్చో అమ్మా అనేవాడు. గ్యాస్ అయ్యుంటుంది నాన్నా అని మాత్ర మంచం మీద విసిరేసి బయటికి వచ్చేసేదాన్ని. ఆ కంపులో నిలబడలేక."

ఆ మాట అంటుండగానే అందులో ఏముందో ఆమెకే తెలిసొచ్చింది. నా వైపు తిరిగింది. పమిట ముక్కు మీంచి జారిపోయింది.

"డాక్టరుగారూ, అప్పుడే తీసుకొచ్చుంటే మా నాన్న బతికేవాడా?"

బతికేవాడేమో. చచ్చిన కండ వయసు కొన్ని రోజులు. మొదటి రోజు ఎవరో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే ఆ గోడ చిరగకపోయి ఉండవచ్చు. సాక్ష్యం లేని మాట అనకూడదని పొద్దుట్నుంచీ జూనియర్‌ని ఉతికి ఆరేశాను. వాడు గుమ్మంలోనే ఉన్నాడు, ఆ గుండె వాడూ చూశాడు. నేను నోరు తెరిచేలోపు అల్లుడు మాట్లాడాడు.

"మేడం ముందే చెప్పారు. ఏం చేసినా లాభం లేదట."

నేను అన్నది అతను ఊదడం ఆపిన సంగతి గురించి, ఈ నొప్పి సంగతి గురించి కాదు. అతనికీ తెలుసు. మొహంలో ఎక్కడా తడబాటు లేకుండా భార్యనే చూస్తున్నాడు.

ఆమె నమ్మలేదు. నా నోటి నుంచి వినాలని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. జూనియర్ కూడా చూస్తున్నాడు.

"అవునమ్మా" అన్నాను.